వంద పేర్లు

మొదటి రోజు ఒక కాగితం ఇచ్చారు,
ఒకటి నుంచి వంద దాకా అంకెలు వేసి.
"తెలిసినవాళ్ళందరి పేర్లూ రాయి, ఆలోచించకు,"
అన్నాడు లోపేటి.
నాకు అన్న వరస. మా చర్చిలో బాకా ఊదుతాడు.

ఆలోచించకుండానే రాశాను.
మా టోంగా వాళ్ళకు వంద పేర్లు ఒక లెక్కా?
సాల్ట్ లేక్ విమానాశ్రయం వంటగదిలో
నా పక్కన ట్రేలు సర్దేవాళ్ళే పద్నాలుగు మంది.
మా పెళ్ళిళ్ళకు పందులు కాల్చిన చేతులు,
మా శవాల పక్కన తెల్లారేదాకా పాడిన గొంతులు.
ఎప్పుడో తీసుకున్న ఇరవై డాలర్లు
ఇంకా బాకీ ఉన్న వాయోలా.
ఆమె తొంభై ఏడు.

మంగళవారం హోటల్ హాల్లో
లోపేటికి పైవాడి పైవాడు, డెవిట్ అనే తెల్లాయన,
బోర్డు మీద ఒక సున్నా చుట్టాడు. అది నేనట.
నా కింద మూడు. వాటి కింద తొమ్మిది.
ఇరవై ఏడు దగ్గర బోర్డు అయిపోయింది.
"మా చుట్టాలు ఇంకా అవలేదు" అని ఎవరో అంటే
హాలంతా నవ్వాం.
అట్టడుగు సున్నా ఎవరికి అమ్ముకోవాలో
నవ్వులో అడగడం మర్చిపోయాం.

లైసెన్సుకు చదివాను. ఆ సంగతి దాచను.
బడి మానేసిన ఇరవై రెండేళ్ళకు
గిన్నెలు పక్కకి జరిపి పుస్తకం పెట్టుకున్నాను.
నా కొడుకు ప్రశ్నలడిగి, తప్పు చెబితే
నా వేళ్ళ మీద చెంచాతో కొట్టేవాడు.
రెండోసారికి గట్టెక్కాను.
నలుగురిలో నోరు విప్పని దాన్ని
నలభై మంది ముందు టర్మ్ పాలసీ గురించి చెప్పాను.
కాళ్ళు వణికాయి. గొంతు వణకలేదు.

మొదటి పాలసీ అక్కది, రెండోది బావది,
మూడోది నాకు నేనే రాసుకున్నాను,
నెలకు అరవై రెండు డాలర్లు.
వాళ్ళు కొన్నది బీమా కాదు, నా మొహం.
నేను అమ్మింది మొహమాటం.
వచ్చిన దాంట్లో లోపేటికింత, వాడి పైవాడికింత,
ఆ పైన డెవిట్‌కి ఇంకొంత.
నీరు పల్లమెరుగు అంటారు గానీ
ఈ నీళ్ళకు మిట్టలే తెలుసు.

అంతలో పౌలియాసి పోయాడు.
కాలిబాటకు కాంక్రీటు పోస్తూ, గుండె ఆగి, నలభై నాలుగేళ్ళకు.
వందల మంది వచ్చారు. బెరడు బట్టలు పరిచారు.
నేసిన చాపలు గుట్టలు పడ్డాయి.
చావింటికి చాపలు మోసే మేము
పై నెల అద్దె మోయలేం.
కంపెనీ ఆరు వారాలు కాగితాలడిగి అడిగి
చివరికి లక్షా యాభై వేల డాలర్లు ఇచ్చింది.
నేను రాసిన పాలసీయే.
హెపిసిపా నా చెయ్యి పట్టుకుని
"ఇంతకు ముందు ఎవరూ మా గడప తొక్కి
ఈ మాట చెప్పలేదు" అంది.
ఆ రాత్రి నా పనిని నేను పూర్తిగా ప్రేమించాను.

తర్వాతి మంగళవారం
తెర మీద హెపిసిపా ఫోటో. నల్లబట్టల్లో.
డెవిట్ కళ్ళు తుడుచుకున్నాడు,
అదే చేత్తో చేరుడు రుసుము ఫారాలు పంచాడు.

చలికాలంలో బావకు పని పోయింది. పాలసీ పోయింది.
వాయోలా అయిదో నెల కట్టలేదు.
ఏడాది నిలవని పాలసీకి
ఇచ్చిన కమీషన్ వెనక్కి లాక్కుంటారు,
ఆ అక్షరాలు చిన్నవి, నేనే చదివి సంతకం పెట్టాను.
అమ్మి అప్పుపడ్డ దాన్ని నేనేనేమో.
చర్చిలో నేను కూర్చుంటే
బెంచీ మెల్లగా పలచబడేది.
లోపేటి మాత్రం ఎప్పట్లాగే బాకా ఊదేవాడు.

నా పాలసీ మానలేదు.
అరవై రెండు డాలర్లు, ప్రతి నెలా.
చెప్పిన మాటలన్నీ అబద్ధాలైతే బాగుండేది,
మానేయడం తేలికయ్యేది.

మొన్న పార్కింగులో, మంచులో,
వాయోలా ఎదురొచ్చింది.
కోటు జేబులోంచి ఇరవై డాలర్ల నోటు తీసి
నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.
"నీ బాకీ తీరింది," అంది.
"ఇంక నాకు ఫోన్ చెయ్యకు."