గడ్డిలో ఒకటి

జూన్ మంచు ఇంకా కరగలేదు.
మలూటి కొండ వాలు మీద
మత్సెలిసో కొడవలి ఆగింది.
పిడికెడు గడ్డిలో
ఒక్క పోచ మాత్రం
గాలికి ఎదురు వంగింది.

ఏటవాలు ముఖం, చెక్కిన పెన్సిల్లా.
నెత్తిన రెండు చదును మీసాలు.
రెక్కలు, మొలవబోయి వద్దనుకున్నట్టు, పొట్టివి.
వేలు ఇటు పెడితే
కాడ చుట్టూ అటు జరుగుతుంది,
అప్పులవాణ్ణి చూసి
గుంజ చాటుకు తప్పుకునే మనిషిలా.

నిరుడు ఒకాయన సీసాలతో వచ్చి
దీన్ని ఏమంటారని అడిగాడు.
ఊళ్ళో
వేయించుకు తినే మిడతకి పేరుంది,
జొన్న తినేదానికి తిట్టుంది.
ఇది దేనికీ రాదు.
"గడ్డి" అంది మత్సెలిసో.
ఆయన రాసుకున్నాడు కూడా.

ఈ మోపులు పొద్దు వాలేలోగా
ఖోత్సో ఇంటికప్పుకి చేరాలి.
తాడు బిగించబోయి
మళ్ళీ వదులు చేసింది.
వేళ్ళు కొంకర్లు పోతున్నా
పోచ పోచా విదిలించింది,
కొయ్యని దుబ్బు పక్కన.
ఎన్ని దిగాయో చూడలేదు.
చూస్తే మాత్రం కనిపిస్తాయా!

సాయంత్రం లెక్కలో
ఒక మోపు తగ్గింది.
ఖోత్సో అడిగితే
నేరం గాలి మీదకి నెట్టింది.