రెండు జానల మంచు

నా పని రోడ్డు మీద మంచు గోకడం.
ఇరవై రెండేళ్లుగా, సోదంక్యులా నుంచి దక్షిణంగా డెబ్భై కిలోమీటర్లు
తెల్లారక ముందే వెళ్లి, ఇసుక చల్లి, వెనక్కి.
మంచి రోడ్డంటే నల్లగా కనబడే రోడ్డనుకునేవాణ్ణి.

ఆ మార్చిలో ఒకావిడ నా లారీకి అడ్డంగా నిలబడి
చేతి తొడుగు పీకి ఊపింది:
"నీ ఇసుక నా కొంప ముంచుతోందయ్యా!"

పేరు ఇర్యా. ఇవాలో బడిలో పిల్లలకి వండి వండి
నిరుడే చేతులు కడిగేసుకుంది.
ఆమె ముందు తన్నుడు బండి.
రెండు సన్నటి ఉక్కు పట్టీలు, మీద ఒక చెక్క కుర్చీ,
వెనక నిలబడి ఒంటికాలితో నేలను తన్నుకుంటూ పోవాలి.
మా అవ్వలు కొట్టుకెళ్లి పాలు తెచ్చుకునే బండి.
దాని మీద అయిదు వందల కిలోమీటర్లు,
ఊలులో కేన్సర్ ఆసుపత్రి గుమ్మం దాకా!

కుర్చీ ఖాళీ. దానికి కట్టిన రేకు డబ్బా గలగల.
"కిలోమీటరు కూర్చుంటే పది యూరోలు. రా, కూర్చో."
నూట పది కిలోల మనిషిని నేను. నవ్వొచ్చింది.
ఎగాదిగా చూసి, "నీకైతే పాతిక" అంది.

డబ్బెందుకంటే, బస్సుకి.
ఇరవై ఆరేళ్లు పక్కన నిలబడి బంగాళదుంపల తొక్క తీసిన సిల్వీ
రేడియేషన్‌కి ఈ దారినే వెళ్లేది,
పోను ఏడు గంటలు, రాను ఏడు,
వాంతి సంచీ ఒళ్లో పెట్టుకుని.
చివరి నాలుగుసార్లు వెళ్లనే లేదు.
"బాగానే ఉందిలే అంది. నమ్మేశాను.
పొద్దున్నే మూడొందల మందికి గంజి కాచాలి కదా,
నమ్మడమే తేలిక."

ఆ మాట అక్కడే వదిలేసి
ఎవరెవరు కూర్చున్నారో చెప్పుకొచ్చింది.
రెయిన్‌డీర్లు కాసే తాత, కూర్చున్నంతసేపూ కళ్లు మూసుకున్నాడట.
ఓ పిల్ల తన బదులు కుక్కని కూర్చోబెట్టిందట.
తలకి రుమాలు కట్టుకున్న ఒకామె మాత్రం
"నువ్వు కూర్చో, నేను తంతాను" అని
రెండు కిలోమీటర్లు లాక్కొచ్చిందట.
"నేను ఏడ్చింది అప్పుడొక్కసారే. ముక్కు గడ్డకట్టింది.
ఖాళీ కుర్చీ తేలికనుకుంటారు. కాదు.
ముందు బరువు లేకపోతే బండి మాట వినదు,
పక్కలకి జారిపోతుంది."

నేను రూలు చెప్పాను.
దుంగల లారీల గురించి, బడి బస్సు గురించి,
పలక అంచు దాకా ఎందుకు గోకాలో.
వాదించలేదు. బండిని గట్టు మీదికి ఎత్తుకుని
ఇసుక లేని చోటు వెతుక్కుంటూ పోయింది.
రెండు మోకాళ్లకీ పట్టీలు.

ఆ రాత్రి మూడింటికి, మైనస్ పందొమ్మిది,
తిరుగుదారిలో
పలకని కొంచెం ఎడమకి తిప్పాను.
కుడి అంచున రెండు జానల మంచు మిగిలింది,
అద్దంలో చూస్తే, ఎవరో కుట్టడం మరిచిపోయిన అంచులా,
పొడుగూతా.

మర్నాడు ఆఫీసు నుంచి ఫోను:
"ఓయివా, నీ పలక వంకరపోయిందా?"
"పోయింది. బాగయ్యేందుకు రెండు రోజులు పట్టేట్టుంది."
అవతల కాసేపు చప్పుడు లేదు.
తర్వాత అన్నాడు,
"రొవానియెమి వాళ్ల పలక్కి కూడా అదే రోగమట."

ఊలు చేరిందని పేపర్లో వేశారు.
ఎంత పోగైందో రాశారు, గుర్తు లేదు.
ఫోటోలో ఆమె లేదు, లోపలికెళ్లిందేమో,
మెట్ల పక్కన బండి ఒక్కటే, కుర్చీలో డబ్బా.

నేను పది యూరోలూ ఇవ్వలేదని
మే నెలలో గుర్తొచ్చింది.
అప్పటికి మంచు లేదు.
రోడ్డంతా నల్లగా, మంచి రోడ్డులా ఉంది.
ఎందుకో, కుడి అంచుకేసి చూస్తూ నడిపాను.