మొండి

ఎనుమాముల మిర్చి యార్డుల
నాలుగో షెడ్డు వెనక, ఖాళీ బస్తాల కుప్పల
ఈనింది పిల్లి.
మూడు పిల్లలు తోకలు లేపుకొని ఉరికినయి.
నాలుగోదానికి లేపుదామంటే తోకే లేదు.
తోక ఉండాల్సినకాడ బొటనవేలంత సొట్ట,
వెనక కాళ్లు రెండూ ఒక్కసారే ఎత్తి
కుందేలు తీరు దుంకుడు,
దుంకినకాడల్లా ఒక తడి చుక్క.

తల్లి రెండు దినాలు నాకింది.
మూడోనాడు ఒక్కొక్కదాన్ని నోట కరుసుకొని
మూడుసార్లు పోయింది.
నాలుగోసారి రాలే.
పొద్దుగూకేదాకా చూసిన.
హమాలీని గద, లెక్క తప్పితే తెలుస్తది.

అప్పటికే నా నడుము సంగతి తేలింది.
ఇరవై రెండేండ్లు మోసినంక
ఫొటో తీసి, కింది రెండు బిళ్లలు అరిగినయన్నరు.
"ఇగ బరువు ఎత్తకు కొమురెల్లీ" అని
గుమస్తా నన్ను కాంటా కాడ కూసోబెట్టిండు.
ఎత్తొద్దన్నంక నేను ఎత్తిన మొదటి బరువు ఇదే.
క్వింటాళ్ల కాంటా మీద పెట్టిన.
ముల్లు కదలలే.

హన్మకొండ పశువుల దవాఖానల
నస్రీన్ డాక్టరమ్మ ఫొటోను కిటికీకి ఆనించి చూపింది.
"తల్లి కడుపులనే వెన్నుపూస కొస మూసుకోలే.
కిందికి పోవాల్సిన నరం నడుమలనే ఆగింది.
ఒంటికి వస్తున్నదని దానికి తెల్వదు.
నిండుతది, కారుతది.
దీనికి మందు లేదు. చెయ్యే."
నా చెయ్యి గుంజి దాని పొట్ట కింద పెట్టింది.
తొక్క పలుచటి నిమ్మకాయ ఒకటి
వేళ్ల నడుమ జారింది.
"గట్టిగ ఒత్తితే పలుగుతది. మెల్లగ ఒత్తితే రాదు.
దినాం మూడుసార్లు. బతికినంత కాలం."

బస్తాకు కొక్కెం గుచ్చి గుంజిన చెయ్యి ఇది.
గట్టికీ మెల్లకూ నడుమ ఇంకోటి ఉంటదని
దీనికి ఎవలు చెప్పిన్రు?
మొదటినాడు మిర్చి ఘాటు చేతికి ఉండంగనే పట్టుకున్న,
అది కూసిన కూత
ఇప్పటికీ చెవుల ఉన్నది.
అప్పటిసంది ఇంటికి రాంగనే కొబ్బరినూనె రాసి, సబ్బువెట్టి,
పది వేళ్లూ నాలికకు ఆనిచ్చి చూసుకొని
అప్పుడు దగ్గరికి తీస్త.

మొండి అని పేరువెట్టిన, తోక మొండిది గనక.
మా సారక్క పిలిస్తే
ఆ పేరుకు వేరే అర్థం ఉండేది,
అది నాకూ తగిలేది.
నా లుంగీలన్నీ చింపి బొంతలు చేసిన.
ఇల్లంతా ఫినాయిలు, దాని కింద ఆ వాసన.
ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని
ఏడాది పొడుగూత అన్నం వండింది.

నర్సంపేట పెండ్లిల
బంతి లేవకముందే లేచిన.
ఏమాయెనే అంటే
ఇంట్ల ఒకామెను ఒంటికి పోపియ్యాలె అన్న.
పందిరంతా నవ్విన్రు.
నవ్వనీ.
నాకు బస్సు దొరికింది.

మిరుగు వానలు పడ్డంక
బాయికాడి పాకురు మీద జారిన.
నడుము తాళం పడ్డది.
మూడు దినాలు చాప మీద, కప్పు దిక్కు చూసుకుంట.
రాత్రి ఒంటిగంటకు ఫోన్ మోగింది, దాని గంట.
లేవరాలే.
సారక్కను లేపుదామని నోరు తెరిచి మూసుకున్న.
ఏ మొఖంతో అడగాలె?

గాజులు గలగలమన్నయి.
వాకిట్ల లైటు పడ్డది.
పీట గుంజిన సప్పుడు. తర్వాత ఏం లేదు.
లెక్కవెట్టుకుంట పండిన.
ముప్పై, నలభై.
గట్టిగ ఒత్తకే అనబోయిన,
అంతల్నే
సత్తు గిన్నెల సన్నటి ధార.

ఎన్నడు నేర్సుకున్నదో.
మొఖం అటు తిప్పుకొని వంకాయలు తరిగిన దినాలల్ల
కంటికొసనుంచి నా వేళ్లనే చూసిందో ఏమో.
అడగలే నేను.

"పోసింది" అన్నది లోపటికి వచ్చి.
చేతులు తుడుసుకుంట నిలవడ్డది.
"నువ్వు కూడ లే ఇగ. పొద్దుమాపటిసంది ఆపుకుంటున్నవ్,
నాకు తెల్వదా."
నా చంకకింద భుజం పెట్టి ఎత్తింది.
అబ్బో, నువ్వు క్వింటాలున్నవు గదనయ్యా అన్నది.

ముంగట మొండి, దుంకుకుంట.
లైటు వెలుగుల చూసిన,
అది దుంకినకాడల్లా
బండలు పొడిగనే ఉన్నయి.