నడిమి బుడిపె

చీమకుర్తి క్వారీలో పన్నెండు కొడితే
నల్లరాళ్ల నీడల్లో గిన్నెల మూతలు లేస్తాయి.
గాలెమ్మ సద్దిలో చెయ్యి పెట్టకముందే
ఎర్రగడ్డను బండ మీద పెట్టి
పిడికిలితో ఒక్క గుద్దు.
కత్తి తగిలితే రుచి పారిపోద్దంట.

నేను ఆరోగ్యకేంద్రం మనిషిని.
భుజాన బీపీ మిషను, చేతిలో రంగుల అట్ట.
పీచు, సి విటమిను,
పచ్చిగా తింటే ఇంకా మేలని
వేలు పెట్టి చదువుతున్నాను.
"ఉడకబెట్టుకోను ఇక్కడ పొయ్యి యాడుంది మేడం?"
కరకర నములుతూనే అడిగింది.

అట్ట అడుగున ఎర్రక్షరాలు చూపించి
అదేందంది.
తల్లి చెయ్యని మేలు ఉల్లి చేస్తుందని, అన్నాను.
"రాసినోడికి తల్లి లేదేమో, పాపం."

అప్పుడే డ్రిల్లు దగ్గర్నించి కొడుకొచ్చాడు.
రాయి నల్లనే, దుమ్ము మాత్రం తెల్లన;
పంతొమ్మిదేళ్లకే నెత్తి నెరిసినట్టుంది.
పైపొరలు తను తిని
నడిమి బుడిపె వాడి గిన్నెలో వేసింది.
"నాకు ఘాటు పడదులే" అంది,
ఇందాకటి నుంచీ ఘాటే తింటున్న మనిషి.

పోయిన నెల కిలో ఎనభై.
ఆ నెల గడ్డ వాసన చూసి తిన్నామని
పక్కనెవరో అంటే అందరూ నవ్వారు.
నేను రిజిస్టరు తిప్పాను.

ఒంగోలు బస్సులో టికెట్టు కోసం
కోటు జేబులో చెయ్యి పెడితే
చల్లగా, గుండ్రంగా తగిలింది.
ఎప్పుడు వేసిందో!
జేబులో గడ్డ వడదెబ్బను ఆపదని
నేనే ఊరూరా చెబుతుంటాను.

దిగేదాకా
చెయ్యి బయటికి తియ్యలేదు.