కత్తిరించాల్సిన మూల

ఆదివారం, సాయంత్రం ఆరు.
ఒంగోలు బస్టాండు వెనక టీకొట్టు బల్ల మీద
మా వారం వారం తగాదా.
ఫ్యాను గాలికి లేచిపోకుండా
ఒక్కో ఫోటో మీద ఒక్కో గాజుగ్లాసు.
ఫోన్లో చూపిస్తే ఒప్పుకోడు మాలకొండయ్య.
"కాగితం మీద నిలబడితేనే బొమ్మ" అంటాడు,
రిటైరయిన లైన్‌మన్,
స్తంభం ఎక్కినంత జాగ్రత్తగా
ముక్కు మీదికి కళ్ళజోడు ఎక్కిస్తాడు.

ముందు సరోజినీ టీచరుది.
పొగాకు బ్యారను గుమ్మంలో
ఆకు గుచ్చే కర్రల మీద కునుకుతున్న పిల్లి.
"బాగుంది గానీ, కంట్లో పదును లేదు."
"నిద్రపోయే పిల్లికి కన్నెందుకయ్యా!"

తర్వాత పెంచలయ్య.
గుండ్లకమ్మ నీళ్ళ మీద కొంగ.
రెక్కలున్నాయి, తల లేదు.
"ఇరవై మూడు తీశా,
తల ఉన్నవాటిల్లో రెక్కల్లేవు" అన్నాడు.
ఆ దిగులుకి ఇంకో రౌండు టీ.

నాది కొత్తపట్నం తీరం, తెల్లవారుజాము.
తడి ఇసుక, ఒంటరి పడవ, ఒక అల.
ఇంకేం లేదు.
నాలుగింటికి లేచి బండి మీద పోయి తీసింది,
ఇంకా ఏడు వాయిదాలు కట్టాల్సిన లెన్సుతో.
"ఎంత శుభ్రంగా ఉందబ్బా!" అన్నారంతా.
నేను టీ ఊదుకుంటూ
ఏమీ పట్టనట్టు కూర్చున్నా.

అప్పుడు తీశాడు సిలార్,
చొక్కా జేబులో బీడీకట్ట పక్కనుంచి
ఒకే ఒక్క ఫోటో.
చీమకుర్తిలో పాలిషింగ్ మిషను మీద పనోడు,
ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో బూడిదరంగు.

నల్లటి నలుపు.
దాన్నిండా చుక్కలు, ఇత్తడి పొడి చల్లినట్టు.
కింద, కుడి మూలన, పాలనురగలాంటి మసక.

మాలకొండయ్య లేచి నిలబడ్డాడు.
"యాడ తీశావురా? కనిగిరి కొండల కాడా?
అమావాస్య నాడా?
షట్టరు ఎంతసేపు తెరిచి పెట్టావు?"
పెంచలయ్య సప్తర్షుల కోసం వెతికాడు,
వేలు పెట్టి ఆరుగుర్ని పట్టుకున్నాడు కూడా.
నేను మాత్రం, లోపల కాస్త కుళ్ళుతో,
"ఆ మూల మసక కత్తిరించెయ్,
అప్పుడు ఫోటో లెక్క" అన్నా.

సిలార్ తల గోక్కున్నాడు.
"ఆకాశం కాదన్నా, రాయి.
గెలాక్సీ పలక, తొమ్మిదడుగులది.
అన్నం వేళ కరెంటు పోతే
సెల్లుతో తీశా."

టీకొట్టాయన కూడా వచ్చి వంగి చూశాడు.
ఏడో ఋషి మీదికి పోబోతున్న వేలు
పెంచలయ్య మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"మరి ఆ మసక?"
"మా ఏసమ్మక్క అరచెయ్యి.
పలక తుడిచీ తుడిచీ నడుం పట్టేసి,
లేస్తా లేస్తా దాని మీద ఆనించింది.
తడి ఆరేలోపు తీశా.
సాయంత్రానికి మళ్ళీ తుడిచి
చెక్కలు కొట్టి లారీ ఎక్కించారు, ఏ దేశమో మరి.
చుక్కలు ఎట్టాగూ పోయినయ్,
చెయ్యన్నా ఈడ ఉండనీ అన్నా."

ఎవరం ఏమీ అనలేదు.
మాలకొండయ్య గ్లాసు పక్కకి జరిపి
భుజం మీది తువ్వాలుతో
ఫోటో చుట్టూ బల్ల తుడిచాడు.
ఆ వారం ఏది మంచి ఫోటో అని
ఓట్లు వేసుకోవడం మర్చిపోయాం.

రాత్రి ఇంటికొచ్చి నాది మళ్ళీ తెరిచా.
శుభ్రంగానే ఉంది.
కాకపోతే పడవకి ఎడంపక్క
ఒక గవ్వ, దాని పక్కన చిన్న గుంట,
జానెడు అవతల
అదే గవ్వ, అదే గుంట.

అక్కడ ఒకామె ఉండాలి.
వల పరిచి, నెత్తళ్ళు ఆరబోస్తూ.
వేలితో రుద్దితే పోయింది,
మూడు క్షణాలు కూడా పట్టలేదు.
అసలు ఫోటో, కార్డులో చోటు లేదని,
ఆ పొద్దునే చెరిపేశా.

చీర రంగు గుర్తు రావడం లేదు.
ముసలామో పడుచో కూడా.
నేను స్టాండు పాతుతుంటే
తల తిప్పి ఒక మాట అడిగింది,
"అడ్డమా అయ్యా, జరగనా?" అని.

"పర్లేదమ్మా, ఉండు" అన్నా.
అదొక్కటి మాత్రం బాగా గుర్తుంది.