నూలు లేని వడుకు

రాత్రి రెండు. శ్రీకాకుళం పెద్దాసుపత్రి.
పొందూరు దమయంతి మందు తాగలేదు.
గవరయ్య వరికి కొట్టొచ్చిన చొక్కా
ఉత్తచేతుల్తో ఉతికింది, అంతే.

కంటిపాప ఆవగింజంత.
నోట నురుగు, కళ్లనీళ్లు, చెమట,
ఒళ్లే ఒక ఊటచెలమ.
అట్రోపిన్ ఎక్కించి
ఐదు నిమిషాలకోసారి చంక తడిమి చూస్తాను:
ఆరిందా?

ఆరింది. అప్పుడు మొదలుపెట్టింది వడకడం.
వాలుగ దవడతో ఏకినంత మెత్తగా
దుప్పటి మీంచి లేని దూది తీసి
లేని పోగు లాగుతోంది.
వేలు తడుపుకుందామంటే నోట్లో తడి లేదు.
"ఓలమ్మా, దారం తెగిపోతంది, పట్టుకోయే" అంది.
పట్టుకున్నాను.

తడి ఆర్పడం వచ్చు మాకు.
కూచున్న విషాన్ని లేపడమే సరిగా రాదు.
పామ్ సూది వేళకొస్తే కొంత లేస్తుంది,
ఆలస్యమైతే
తుప్పుపట్టిన మేకై చెక్కలో ఉండిపోతుంది.
ఇక మెదడు గుమ్మం దాటి
ఆ సూదిమందు లోపలికి పోనే పోదు.

ల్యాబు ఢిల్లేశ్వర్రావు ఐదు మిల్లీల రక్తం
ఐసుడబ్బాలో పెట్టి విశాఖ బస్సెక్కుతాడు.
అక్కడ వండుతున్న విరుగుడుకి పేరింకా లేదట,
అంకె ఉంది: నలభై ఒకటి.
మరి ఆ నలభై ఏమయ్యాయంటే
చెప్పులు చూసుకున్నాడు.

తెల్లారేసరికి దమయంతి వేళ్లు ఆగాయి.
నాడి ఆగలేదు.
చెబుదామని వరండాలోకి వెళితే
బెంచీ మీద గవరయ్య,
అదే చొక్కా.

"ఇప్పేయ్!" అని అరిచాను.

మొహం చిన్నబుచ్చుకుని, కాలరు సర్దుకుంటూ,
"ఉతికిందే కదమ్మా" అన్నాడు.