పిడికెడు

"మీ పిడికిలంత అన్నం" అంది
కేజీహెచ్‌లో ఆహారం రాసిచ్చే అమ్మాయి.
కాగితం మీంచి తలెత్తి
నా కుడిచెయ్యి చూసి ఆగిపోయింది.

రెండు వేళ్లు లేవు.
బెర్తు దగ్గర వైరుతాడు పట్టుకుపోయింది,
పంతొమ్మిదేళ్లయింది.
అప్పట్నుంచీ నన్ను కాటా గదిలో కూర్చోబెట్టారు.

"పోనీ, ఎడమచెయ్యి" అంది నెమ్మదిగా.
ఎడమచేత్తో అన్నం కొలుస్తారటమ్మా,
అనబోయి ఊరుకున్నాను.

అరచెయ్యంత చేప, వేళ్లు కాకుండా.
బొటనవేలి కొసంత నూనె.
గుప్పిట్లో పట్టినన్ని పల్లీలు.
ఒళ్లే కొలతబద్ద అన్నమాట.
ఇంట్లో మర్చిపోయొచ్చానని
తప్పించుకోడానిక్కూడా లేదు.

నేను కాటా మనిషిని.
ఇనప ఖనిజం లారీ గేటు మలుపు తిరుగుతుంటే
టైర్ల నొక్కు చూసి చెప్తాను ఎన్ని టన్నులో.
బొగ్గు తడిపి తెచ్చారా పొడిగా ఉందా
డ్రైవరు గుటక మింగే తీరులో తెలిసిపోతుంది.
నిండుబండిలోంచి ఖాళీబండి తీసేస్తే సరుకు.
అంతే లెక్క.
కంచం ముందు కూర్చున్నప్పుడే
ఏ బండి ఎంత మోసుకొచ్చిందో
ఇన్నాళ్లూ చూసుకోలేదు.

మా జాహ్నవి ఫోన్లో రాస్తుంది.
"నాన్నా, పొద్దున్న ఏం తిన్నావ్?"
ఉప్మా.
"ఎంత?"
మీ అమ్మ పెట్టినంత.
"అలా రాస్తే తీసుకోదు నాన్నా."
సాయంత్రం బీచ్‌రోడ్డులో మురీ మిక్చరు తిన్నాను, ఒక పొట్లం.
"ఎంత పొట్లం?"
కాగితం ఎంతుంటే అంత.
దాని మీద లెక్కల ట్యూషన్ ప్రకటన కూడా ఉంది.

వాళ్లమ్మ వరహాలుకి గ్రాములు పట్టవు.
బియ్యం డబ్బాలో సత్తు గ్లాసు, అంచు కింద సొట్ట,
మా అమ్మ కాలంనాటిది.
సొట్ట దాకా పోస్తే ముగ్గురికి,
సొట్ట దాటిందంటే ఎవరో చుట్టం వచ్చారు.
ఉప్పు చిటికెడు. చింతపండు నిమ్మకాయంత.
నూనె చాలనిపించేదాకా.
ఆ "చాలు"లో ఎన్ని క్యాలరీలమ్మా అని పిల్ల అడిగితే
గరిటె ఆపకుండా నవ్వింది.

ఆదివారం ఫిషింగ్ హార్బరు.
పోలమ్మ గంప దగ్గర కానాగంతలు కిలో తూయించి
ఒక్కో చేపకీ అరచెయ్యి ఆనించి చూస్తున్నాను.
"సేపలకి జాతకం సెప్తన్నావేటి బాబూ?" అంది.
సంచి మూతి కట్టబోతుంటే
గుప్పెడు పచ్చిరొయ్యలు విసిరింది లోపలికి.
కొసరు.
నా కాటా మీద ఒక్కనాడూ ఎవరికీ వెయ్యనిది.
జాహ్నవి ఆ మాట కోసం ఫోనంతా వెతికింది.
లేదు.

నైట్‌డ్యూటీ. కన్వేయరు ఆగింది,
దాని వెనకాల ఇంతసేపూ సముద్రం ఉందని తెలిసింది.
లారీలు లేని వేళ చూసి
క్యారియరు తీసుకెళ్లి కాటా మధ్యలో పెట్టాను.
గోడ మీద ఎర్ర అంకె: సున్నా.
ఇరవై కిలోలు ఒక మెట్టు దానికి,
అంతకు తక్కువైతే కనపడదు.
నేనెక్కాను. ఎనభై.
క్యారియరు పట్టుకుని ఎక్కాను. ఎనభై.

అక్కడే గట్టు మీద కూర్చుని మూత తీశాను.
అన్నం మీద నాలుగు గుంటలు, వరసగా.
వండినావిడ తన పిడికిలి
ఆనించి చూసుకుంది.
నాదైతే రెండే గుంటలు పడేవి.
పక్కన, గిన్నె అంచుకి నొక్కి
ఇంకో చిన్న ముద్ద.

తిన్నాను. చెయ్యి కడుక్కుని మళ్లీ ఎక్కాను. ఎనభై.
గేటు దగ్గర హారన్ మోగింది, దిగాను.

పొద్దున్న జాహ్నవి అడుగుతుంది ఎంత తిన్నావని.
పిడికెడు, అంటాను.
అంచున ఉన్న ముద్ద సంగతి ఎత్తను.